టూరిన్‌లో పోర్తా పలాత్సో సంత: కొత్తగా వచ్చినవారు ఎప్పుడు వెళ్లాలి, ఎలా కొనాలి?

ప్రశ్న (టూరిన్ విద్యార్థిని)

నేను ఇటలీలోని టూరిన్ పాలిటెక్నిక్‌లో మాస్టర్స్ చదవడానికి ఈ మధ్యే వచ్చాను, మాది ఖమ్మం. ఇక్కడి సూపర్‌మార్కెట్లలో దొరికే కూరగాయల ధరకు, రుచికి పొంతన కుదరడం లేదు. నగరం నడిమధ్యలో పోర్తా పలాత్సో అనే పెద్ద సంత ఉందని, అది కాక పేటల్లో చిన్న సంతలు కూడా జరుగుతాయని తోటి విద్యార్థులు చెప్పారు. నా ఇటాలియన్ ఇంకా అంకెల దగ్గరే ఉంది. ఏ వేళకు వెళ్లాలి, బేరమాడవచ్చా, మన వంటకు కావలసిన పచ్చిమిర్చి, కొత్తిమీర దొరుకుతాయా, తెలియని కూరల్లో ఏవి కొని చూడదగ్గవి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (పియాత్సా కాస్తెల్లో వాసి)

పోర్తా పలాత్సో సంత జరిగేది పియాత్సా దెల్లా రిపుబ్లికా అనే కూడలిలో. నగరం నడిమధ్యలోని పియాత్సా కాస్తెల్లో కూడలి నుంచి నడిచి వెళ్లవచ్చు, లేదా 4వ నంబరు ట్రామ్ ఎక్కవచ్చు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం మొదలై మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతానికి ముగుస్తుంది. శనివారం మాత్రం సాయంత్రం దాకా ఉంటుంది, ఆదివారం సెలవు. తరగతులున్న రోజుల్లో వీలుపడదని అందరూ శనివారమే పెట్టుకుంటారు. అందుకే ఆ రోజు నిలబడటానికి చోటుండదు, జేబుదొంగల బెడద కూడా ఆనాడే ఎక్కువ. నా మాట వినండి, తొలిసారి మామూలు రోజున, తొమ్మిది గంటల లోపు వెళ్లండి.

ఐరోపాలోని అతిపెద్ద బహిరంగ సంతల్లో దీన్ని ఒకటిగా చెబుతారు గనుక, లోపలికి వెళ్లగానే ఎటు తిరగాలో తోచదు. 1916 నాటి గడియారపు మంటపాన్ని గుర్తుగా పెట్టుకోండి. దాని వెనుక ఉన్న కప్పు కింద చుట్టుపక్కల పల్లెల రైతులు తాము పండించినదాన్ని స్వయంగా అమ్ముతారు. కూడలిలోని మిగతా బల్లల మీద ఉండేది చాలావరకు టోకు మార్కెట్ నుంచి తెచ్చిన సరుకు. అక్కడ గొంతు పెద్దది, ధర తక్కువ. రైతుల దగ్గర కేకలుండవు, ధర కాస్త ఎక్కువ కావచ్చు, కానీ ఆకుకూరల విషయంలో ఆ తేడా ఇంటికి వెళ్లి వండాక తెలుస్తుంది. పాలిటెక్నిక్ వైపు ఉంటే రోజువారీ అవసరాలకు కోర్సో రాకోనీజి అనే వీధిలోని సంత మీకు దగ్గర పడుతుంది. ఆ పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది.

సమాధానం 2 (ఫ్లోరెన్స్‌లో ఉండి వచ్చిన వ్యక్తి)

సమయం గురించి పైవారు చెప్పారు కనుక నేను కొనే పద్ధతి చెబుతాను. మన రైతుబజారులో బెండకాయ తుంచి చూసినట్టు ఇక్కడ చేయి పెట్టకూడదు. ఏరి సంచిలో వేసేది అమ్మేవారే. మీరు చూపించి, "మెద్జో కీలో" అంటే అరకిలో తూచి ఇస్తారు. ఈరోజు తినడానికైతే "పెర్ ఓజ్జి" అనండి, పండినవి చూసి ఇస్తారు. రేపటికైతే "పెర్ దొమాని" అనండి. బల్ల ముందు వరుస కనిపించకపోయినా వరుస ఉంటుంది. వెళ్లగానే "కీ ఎ లుల్తిమో?" అని అడిగితే అందరికన్నా చివర వచ్చినవారు చెయ్యెత్తుతారు, వారి తరువాత మీ వంతు. ఈ ఒక్క ప్రశ్న నేర్చుకుంటే పెద్దావిడల కోపం నుంచి బయటపడతారు, అది చిన్న విషయం కాదు.

ధరల చీటీ జాగ్రత్తగా చదవండి. కూరగాయలకు సాధారణంగా కిలో ధర రాస్తారు, కానీ ఆలివ్‌లు, జున్ను, ఎండబెట్టిన టమాటాల దగ్గర చాలాసార్లు "ఎత్తో" ధర ఉంటుంది. ఎత్తో అంటే 100 గ్రాములు. 2.50 అని చూసి చవక అనుకుంటే కిలోకు అది 25 యూరోలు. పండ్లు, కూరగాయలు ఏ దేశంలో పండాయో కూడా చీటీ మీదే ఉంటుంది. కూరగాయలకు బేరం ఆడరు. అయితే సంత ఎత్తేసే వేళకు మిగిలిన సరుకు ధర వారే తగ్గిస్తారు. మెత్తబడిన టమాటాలు పచ్చడికి కావాలంటే అదే అదను. ఫ్లోరెన్స్‌లోని సాంత్ అంబ్రోజో సంతలో నాకు కూరలతో పాటు పార్స్‌లీ, సెలరీ అనే వాసన ఆకుల రెమ్మలు ఊరికే వేసేవారు, అచ్చం మన కరివేపాకు కొసరులాగే. టూరిన్‌లో అలా ఇవ్వకపోతే నొచ్చుకోకండి.

సమాధానం 3 (వంటగది నుంచి)

అమ్మాయీ, కొత్తిమీర, పుదీనా పోర్తా పలాత్సోలోనే కట్టలుగా దొరుకుతాయి. మొరాకో నుంచి వచ్చి స్థిరపడినవారు అమ్ముతారు. పచ్చిమిర్చికి సంత చుట్టూ ఉన్న వీధుల్లోని ఆసియా, ఆఫ్రికా దుకాణాలు చూడండి. పార్స్‌లీ ఆకు దూరం నుంచి కొత్తిమీరలాగే కనిపిస్తుంది గనుక "కొరియాందొలో" అని పేరు పెట్టి అడగండి.

ఇక ఇక్కడి కూరల్లో నా మొదటి ఎంపిక కాతలోన్యా అనే పొడవాటి చేదు ఆకుకూర. దీన్ని ఇటాలియన్లు కూడా ఉడికించి, నీరు పిండేసి, ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి వేయిస్తారు కాబట్టి మనం కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. కందిపప్పులో వేసినా బాగుంటుంది. వేసవి చివర టూరిన్ దగ్గరి కార్మాన్యోలా ఊరి మిరపలు వస్తాయి. అవి తియ్యని బెంగుళూరు మిర్చి జాతివి, కారం ఆశించవద్దు, కాల్చి పచ్చడి చేయండి. టమాటాల్లో ఎద్దు గుండె అన్న పేరున్న పెద్ద రకం పచ్చిగా తినడానికే తగినది. దానిలో పులుపు తక్కువ, చారులో వేస్తే డబ్బు దండగ. ఊదారంగు గుండ్రటి పెద్ద వంకాయ గుత్తివంకాయకు పనికిరాదు గానీ కాల్చిన పచ్చడికి దాన్ని మించింది లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. చలికాలపు కోటు కూడా అక్కడే కొనవచ్చా?

సమాధానం 1 (పియాత్సా కాస్తెల్లో వాసి)

కూడలిలో కొత్త బట్టల బల్లలున్నాయి, కానీ కోటుకైతే శనివారం దాని వెనుక బోర్గో దోరా అనే పేటలో జరిగే బాలోన్ అనే పాత వస్తువుల సంతకు వెళ్లండి. ప్రతి నెలా రెండో ఆదివారం అదే మరింత పెద్దగా జరుగుతుంది. అక్కడ బేరం ఆడవచ్చు, ఆడాలి కూడా. జిప్పు, లోపలి గుడ్డ చూసుకుని తీసుకోండి. ఒక హెచ్చరిక: నేల మీద దుప్పటి పరిచి పెద్ద కంపెనీల పేర్లతో నకిలీ సంచులు అమ్మేవారి దగ్గర ఏమీ కొనకండి. ఇటలీ చట్టం ప్రకారం కొన్నవారికి కూడా జరిమానా పడుతుంది. అది 7,000 యూరోల దాకా ఉండవచ్చు.