అమ్మమ్మగారి ఇంటి మామిడిని కొట్టేస్తున్నారు, ఈలోపు అంటు ఎలా కట్టుకోవాలి? రెండుసార్లు ఫెయిలయ్యాను

ఖమ్మం పెరడు:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. మా పెరట్లో ఏడేళ్ల మామిడి చెట్టు ఉంది, ఎప్పుడో తిని పారేసిన టెంక మొలిచి పెరిగింది. పోయినేడు నుంచి కాస్తోంది కానీ కాయ ఒట్టి పులుపు, పండినా పీచే. నూజివీడు దగ్గర పల్లెలో మా అమ్మమ్మగారి ఇంటి వెనక ఒక పెద్ద చెట్టుంది. అదీ టెంక చెట్టే, దానికి రకం పేరంటూ లేదు, మేం బెల్లం మామిడి అంటాం. తొక్క పల్చన, నిండా రసం, అలాంటి పండు నేను ఇంకెక్కడా తినలేదు. ఈమధ్య పంపకాలయ్యాయి, ఆ చోటు మామయ్య వాటాకి వచ్చింది, శ్రావణంలో ఇల్లు మొదలుపెడతారట, చెట్టు సరిగ్గా పునాది పడే చోటే ఉంది కాబట్టి ఉంచడం కుదరదు. అమ్మ ఈ మాట విన్నప్పటి నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు.

వీడియోలు చూసి ఏప్రిల్‌లో ఒకసారి, పోయిన వారం ఇంకోసారి అంటు కట్టాను. ఎర్రగా లేతగా ఉన్న చిగుళ్లు కోసి సంచిలో వేసుకొచ్చి, రెండో రోజు మా చెట్టు కొమ్మలు నరికి, చీల్చి, అందులో పెట్టి రబ్బరు బ్యాండ్లతో బిగించాను. అన్నీ నల్లబడి ఎండిపోయాయి. నేను చేసిన తప్పేంటి? మా చెట్టు మొత్తం నరికేసి కట్టాలా? చేతిలో గట్టిగా రెండు నెలలే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

మేడమీద తోట:
అంత కష్టం ఎందుకండీ, మంచి నర్సరీలో చిన్న రసం అంటు మొక్క తెచ్చి పెట్టుకోండి. నాలుగేళ్లలో కాపుకొస్తుంది.

కడియం అంట్లు:
పై మాట చిన్న రసమో బంగినపల్లో కావాలనుకునేవారికి సరిపోతుందండీ, ఈయన అడిగేది అది కాదు. టెంక నుంచి పుట్టిన చెట్టు దేనికదే వేరు. ఆ చెట్టు టెంక తెచ్చి పాతినా అదే పండు రాదు, ఎందుకంటే పూతలో పుప్పొడి ఏ చెట్టు నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. మీ పెరట్లో పుల్లటి చెట్టు అలా వచ్చిందే. ఆ బెల్లం మామిడి లోకంలో ఒక్కటే ఉంది, అది నిలవాలంటే దాని పుల్ల, అంటే కొమ్మ చివరి ముక్క, తెచ్చి అంటు కట్టడం ఒక్కటే దారి. మాది కడియం వైపు, మా నాన్నగారు, నేను అంట్లు కట్టే పనిలోనే ఉన్నాం కాబట్టి తెలిసినంత చెప్తాను.

మొదటి తప్పు పుల్ల. ఎర్ర చిగురులో నిల్వ బలం ఉండదు, అతుక్కోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అది ఈలోపే వాడిపోతుంది. మూడు నాలుగు నెలల వయసున్న, పెన్సిలంత లావు, ఆకులు ముదురు పచ్చగా తిరిగిన కొమ్మ చివరలు కావాలి. వాటిని వెంటనే కోయకండి. చెట్టు మీద ఉండగానే ఆకులు కత్తిరించి తొడిమలు మాత్రం వదిలేయండి. వారం పది రోజుల్లో తొడిమలు వాటంతటవే రాలి, కొన మొగ్గ ఉబ్బుతుంది. అది విచ్చుకోకముందే జానెడు పొడవున కోసి, తడిగుడ్డ బాగా పిండి అందులో చుట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి నీడన తెచ్చుకోండి. వీలైతే అదే రోజు కట్టేయండి. అంటే అమ్మమ్మగారి ఊరికి రెండుసార్లు వెళ్లాలి, చెట్టెక్కేవాళ్లని ముందే మాట్లాడి పెట్టుకోండి.

రెండోది కాలం. ఏప్రిల్ ఎండలో ఇంట్లో కట్టే అంటు నిలవడం కష్టం, ఈ పని వానాకాలంలో గాలిలో తేమ ఉన్నప్పుడే చెయ్యాలి. మూడోది ఆ రబ్బరు బ్యాండ్లు. వాటి సందుల్లోంచి గాలీ నీళ్లూ పోతాయి. వేలెడు వెడల్పు పల్చటి పాలిథిన్ రిబ్బన్‌తో కింద నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా బిగించి చుట్టాలి.

మీ పెద్ద చెట్టు మీదే ఆశ పెట్టుకోకండి. ఇప్పుడు నరికితే కొత్త కొమ్మలొచ్చి అంటుకు పనికొచ్చేసరికి రెండు మూడు నెలలు, అప్పటికి అక్కడ చెట్టుండదు. నర్సరీలో ఏడాది వయసు నాటు మొక్కలు, అంటే అంటు కట్టని టెంక మొక్కలు, పది పన్నెండు కొనండి. ఒక్కోదాన్ని జానెడు ఎత్తున కోసి, మధ్యలో ఒక అంగుళంన్నర నిలువుగా చీల్చి, పుల్ల అడుగున రెండు వైపులా ఏటవాలుగా చెక్కి దింపండి. ఒక్కో వైపు ఒకే కోతలో రావాలి, చాకుతో గీకితే సందు మిగిలిపోతుంది. బెరడు కింద పచ్చటి పొర ఉంటుంది చూశారా, అతికేది అదే, చెక్క కాదు. లావుల్లో తేడా ఉంటే మధ్యకి కాకుండా ఒక పక్క బెరడుకు బెరడు సరిగ్గా ఆనేలా పెట్టండి. సొన కారితే తుడిచేయండి. కట్టాక పైన సన్నటి పాలిథిన్ గొట్టం తొడిగి కింద ముడేయండి, పుల్ల ఐసు కవర్లు దీనికి బాగా సరిపోతాయి. చిగురు వేశాక సాయంత్రం పూట తీసేయండి.

ఇంకో మాట, ఇది మామిడిపళ్ల కాలమే కదా, తిన్న టెంకలు పారేయకండి. పెంకు జాగ్రత్తగా తీసి లోపలి జీడిని తడి ఇసుకలో పెడితే మూడు వారాల్లోపే మొలకలొస్తాయి. మొలక ఆకులు ఇంకా రాగి రంగులో ఉండగానే అంటు కట్టొచ్చు. ఎక్కువ పోతాయి, కానీ ఖర్చు లేదు, చెయ్యి కూడా అలవాటవుతుంది.

సంగారెడ్డి టీచరమ్మ:
మేము మా పుల్ల మామిడిని మొదలంటా నరికి అంటు కట్టించాం. మొదటి ఏడు కొట్టిన చోట పురుగు తొలిచింది, రంధ్రాల్లోంచి పొట్టు రాలుతుంటే చాలా ఆలస్యంగా చూశాం, సగం చెట్టు పోయింది. అందుకే చెప్తున్నాను తమ్ముడూ, మొత్తం ఒకేసారి నరకకు. ఇప్పుడు కిందున్న లేత కొమ్మలకు పక్క అంటు కట్టు, అంటే కొమ్మ నరకకుండా పక్కన బెరడు కొంచెం చెక్కతో సహా చెక్కి పుల్లను ఆనించి కట్టడం, పోయినా కొమ్మ నీకు మిగులుతుంది. వచ్చే ఏడు నీ అంట్ల నుంచే పుల్లలు తీసుకుని పెద్ద చెట్టును నెమ్మదిగా మార్చుకోవచ్చు. అప్పుడు కూడా ఆకులున్న ఒకట్రెండు కొమ్మలు వదిలెయ్, కోసిన చోట బోర్డో పేస్టు, అంటే మైలుతుత్తం సున్నం కలిపిన ముద్ద, పుయ్యి.

ఖమ్మం పెరడు:
ఆగస్టులో రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. జూన్ చివర ఆకులు కత్తిరించి వచ్చాం, పది రోజులాగి మళ్లీ వెళ్లి పుల్లలు తెచ్చి ఆ సాయంత్రమే కట్టాను. పన్నెండు నాటు మొక్కల్లో ఎనిమిది చిగురేశాయి. ఇరవై మొలకల్లో ఐదే నిలిచాయి. పెద్ద చెట్టు మీద ఆరు కడితే రెండు. పోయిన సోమవారం అక్కడ చెట్టు కొట్టేశారు, అమ్మ వెళ్లలేదు, ఆ రోజంతా పెరట్లో ఈ సంచుల దగ్గరే కూర్చుంది. మామయ్య కూడా కొత్త ఇంటి ముందు పెట్టుకోవడానికి ఒకటి అడిగాడు. కడియం అన్నా, నీ మేలు మర్చిపోను. ఇవి ఇప్పుడే నేలలో పెట్టొచ్చా? రిబ్బన్ ఎప్పుడు తీయాలి?

కడియం అంట్లు:
ఎనిమిది అంటే చాలా బాగా వచ్చినట్టండీ, చాలా సంతోషం. రిబ్బన్ మూడు నెలలకు, అతుకు దగ్గర ఉబ్బు కనిపించాక బ్లేడుతో ఒక పక్క నిలువుగా కోసి తీయండి, మర్చిపోతే కాండంలోకి దిగిపోతుంది. అతుకు కింద నుంచి వచ్చే చిగురు కనిపించినప్పుడల్లా గిల్లేయండి, లేదంటే ఆ నాటుదే పెరిగి పైది చస్తుంది. ఇప్పుడే పాతొద్దు, వచ్చే ఎండాకాలం కూడా నీడలో సంచుల్లోనే దాటించి జూన్‌లో పెట్టండి, అతుకు మట్టికి పైనే ఉండాలి. పుల్ల కాపు చెట్టుది కదా, చిన్న మొక్కకే పూత రావచ్చు, మొదటి రెండు మూడేళ్లు తుంచేయండి. ఐదు మొలకల అంట్లూ ఒకేచోట ఉంచకుండా బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి, ఒక చోట పోయినా ఇంకో చోట ఉంటుంది.