జాంగో ఐఎగ్జాక్ట్: ఇండెక్స్ ఉన్నా సీక్వెన్షియల్ స్కానే వస్తోంది

ప్రశ్న:
జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) 4.2, పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) 15. యూజర్ టేబుల్‌లో దాదాపు 40 లక్షల రోలు. ఈమెయిల్‌కి యూనిక్ ఇండెక్స్ ఉంది. ఎగ్జాక్ట్‌తో వెతికితే ఇండెక్స్ స్కాన్, ఐఎగ్జాక్ట్ (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడనిది) పెడితే సీక్వెన్షియల్ స్కాన్, అంటే టేబుల్ మొత్తం చదవడం. లోయర్(ఈమెయిల్) మీద, అంటే చిన్నక్షరాలకి మార్చిన ఈమెయిల్ మీద ఇండెక్స్ వేసినా అంతే. అడ్మిన్‌లో పేరుతో సెర్చ్ కూడా నత్తనడకే. ఏం చేయాలండీ?

జవాబు 1:
క్వెరీసెట్‌కి ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ ఎలా నడుస్తుందో చూపేది) కొట్టి ఫిల్టర్ లైన్ చూడండి. అక్కడ లోయర్ కాదు, అప్పర్ (పెద్దక్షరాలకి మార్చే ఫంక్షన్) ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఐఎగ్జాక్ట్‌కి జాంగో రెండు వైపులా అప్పర్ తగిలిస్తుంది. క్వెరీలోని ఎక్స్‌ప్రెషన్, ఇండెక్స్‌లోనిది ఒకటే అయితేనే ప్లానర్ (క్వెరీ ఎలా నడపాలో తేల్చే డేటాబేస్ భాగం) ఆ ఇండెక్స్‌ని పట్టించుకుంటుంది. మీ లోయర్ ఇండెక్స్‌తో ప్రతి ఇన్సర్ట్‌కీ బరువు తప్ప ఒరిగేదేం లేదు, తీసేయండి.

బదులుగా మోడల్ మెటాలో అప్పర్(ఈమెయిల్) మీద యూనిక్‌కన్‌స్ట్రెయింట్ (డూప్లికేట్లు రానివ్వని షరతు) పెట్టండి, జాంగో 4.0 నుంచి కుదురుతుంది. ఒకే ఈమెయిల్ పెద్దక్షరాలతో ఒకసారి, చిన్నక్షరాలతో ఒకసారి చేరడం కూడా ఆగుతుంది. ముందే అప్పర్‌తో గ్రూప్ చేసి డూప్లికేట్లు ఏరేయండి, లేకపోతే మైగ్రేషన్ ఫెయిలవుతుంది. ఇండెక్స్ తయారయ్యేదాకా టేబుల్‌లోకి రైట్లు ఆగుతాయి కాబట్టి రద్దీ లేనప్పుడు నడపండి. అయ్యాక అనలైజ్ (స్టాటిస్టిక్స్ సేకరించే కమాండ్) మర్చిపోవద్దు. అప్పటిదాకా ఆ ఎక్స్‌ప్రెషన్‌కి స్టాటిస్టిక్స్ ఉండవు, ప్లానర్ అంచనా తప్పుతుంది.

జవాబు 2:
పేరు సంగతి వేరు. అడ్మిన్ సెర్చ్ మామూలుగా ఐకంటెయిన్స్ (పెద్ద, చిన్న అక్షరాల తేడా లేకుండా మధ్యలో ఎక్కడున్నా వెతికేది) వాడుతుంది. ప్యాటర్న్ ముందే పర్సెంట్ గుర్తు ఉంటుంది కాబట్టి బీ-ట్రీ (మామూలు ఇండెక్స్) పనికిరాదు. మైగ్రేషన్‌లో ట్రైగ్రామ్‌ఎక్స్‌టెన్షన్ (మాటల్ని మూడక్షరాల ముక్కలుగా చేసి వెతికేది) వేసి, తర్వాత జిన్ఇండెక్స్ పెట్టండి. దాని లోపల ఆప్‌క్లాస్‌లో అప్పర్(పేరు), జిన్ ట్రైగ్రామ్ ఆప్స్ ఇవ్వాలి. ఇక్కడా అప్పర్ వదిలేస్తే ఇండెక్స్ ఉత్త దండగ. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో జాంగో కంట్రిబ్ పోస్ట్‌గ్రెస్ ఉండాలి.

రెండక్షరాల సెర్చ్‌కి ట్రైగ్రామ్ దొరకదు, మళ్లీ మొత్తం టేబుల్ చదువుతుంది. కనీసం మూడు అడగండి. సెర్చ్ ఫీల్డ్స్‌లో ఫోన్ కూడా ఉంటే దానికీ ఇలాంటి ఇండెక్సే కావాలి: కండిషన్లు ఆర్‌తో కలుస్తాయి, ఒక్కదానికి లేకపోయినా సీక్వెన్షియల్ స్కానే. షో ఫుల్ రిజల్ట్ కౌంట్‌ని ఫాల్స్ చేస్తే మొత్తం రోల లెక్కింపు ఒకటి తప్పుతుంది.

అన్నట్టు, పేర్లు తెలుగు లిపిలోనే ఉంటే మనకి పెద్ద, చిన్న అక్షరాల గొడవే లేదు. కంటెయిన్స్ చాలు, అప్పుడు ఇండెక్స్‌లో అప్పర్ అక్కర్లేదు.

జవాబు 3:
ఈ పనికి సీఐటెక్స్ట్ ఫీల్డుల (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడనివి) జోలికి వెళ్లకండి. జాంగో 4.2లో డెప్రికేట్ చేశారు (ఇక వాడొద్దన్నారు), 5.1లో తీసేశారు.