సల్కాటా పిల్ల డిప్ప గుబ్బలుగా లేస్తోంది, అంచులు మెత్తగా ఉన్నాయి, ఏం చేయాలి?

బుడిబుడి_అడుగులు:

నమస్కారం అండీ. నా దగ్గర ఒక సల్కాటా తాబేలు పిల్ల ఉంది. వయసు సుమారు 14 నెలలు, పొడవు 11 సెంటీమీటర్లు, నిన్న తూస్తే 260 గ్రాములు వచ్చింది. కొన్ని నెలలుగా డిప్ప మీద ఒక్కో పలక మధ్యలో గుబ్బలా పైకి లేస్తోంది. మొదట్లో పెరుగుతోంది కదా అని పట్టించుకోలేదు, కానీ మొన్న స్నానం చేయిస్తూ అంచుల దగ్గర వేలితో తాకితే కొంచెం లోపలికి వంగినట్టు అనిపించింది. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. పైగా కింది డిప్పలో వెనక కాళ్ల దగ్గర చిటికెన వేలి గోరంత తెల్లటి మచ్చ ఒకటి వచ్చింది.

ఎలా పెంచుతున్నానో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. పైన తెరిచి ఉన్న గాజు ట్యాంకులో ఉంచాను, కింద న్యూస్‌పేపర్ వేస్తాను, ట్యాంక్ కిటికీ పక్కనే ఉంటుంది కాబట్టి పొద్దున మూడు గంటలు ఎండ పడుతుంది. వేడి కోసం మామూలు బల్బు. తిండి ఎక్కువగా దోసకాయ, లెట్యూస్, అప్పుడప్పుడు టమాటా. ఎడారి జంతువు కదా, తడి పడదని నెలకు ఒకసారి మాత్రమే నీళ్లలో కూర్చోబెడతాను. డిప్ప పొడిగా కనిపిస్తోందని వారానికోసారి నూనె రాస్తున్నాను. సాయంత్రం ఒక గంట గదిలో నేల మీద వదులుతాను.

వీటిలో ఏది తప్పు? లేచిన గుబ్బలు మళ్లీ అణుగుతాయా?

మూడు_డిప్పలు:

అండీ, మిగతావన్నీ తర్వాత చూద్దాం. డిప్ప మెత్తగా ఉందన్నారు చూడండి, అది ముందు తేలాలి. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో డిప్ప కాస్త వంగుతుంది, అది మామూలే. 14 నెలలకు అంచులు వంగుతున్నాయంటే మాత్రం ఎముకలో కాల్షియం సరిపోవడం లేదన్న అనుమానం గట్టిగా వస్తుంది. ఈ వారంలోనే సరీసృపాలను చూసే వెట్ దగ్గరకు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి. మామూలుగా కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్ అయితే తాబేళ్లను చూసిన అనుభవం ఉందో లేదో ఫోన్‌లోనే అడిగి వెళ్లండి.

తాబేలుకి డిప్ప అంటే గోరులా పైన అతికిన వస్తువు కాదు. పక్కటెముకలూ వెన్నెముకా విస్తరించి కలిసిపోయి తయారైన అసలు ఎముక అది. దాని మీద కెరాటిన్ (మన గోళ్లలో ఉండే పదార్థమే) పలకలు కప్పుకుని ఉంటాయి. లోపల రక్తం తిరుగుతుంది, నరాలు ఉంటాయి, తాకితే తెలుస్తుంది, దెబ్బ తగిలితే నొప్పి పుడుతుంది. అందుకే డిప్పలో కనిపించే తేడాని పైపై సమస్యగా చూడకూడదు, ఆ జంతువు ఎముకలన్నీ ఎలా ఉన్నాయో అదే చెప్తోంది. కాళ్లు ఈడ్చడం, నడిచేటప్పుడు కింది డిప్ప నేలకి రాసుకోవడం, దవడ మెత్తబడి ఆకు కొరకలేకపోవడం, కండరాలు అదరడం, ఇవేమైనా ఉంటే వారం కూడా ఆగకండి.

కిటికీ ఎండ గురించి. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, నేనూ మొదటి సంవత్సరం ఇదే చేశాను. మామూలు అద్దం వెలుతురునీ వేడినీ లోపలికి రానిస్తుంది కానీ యూవీబీని, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకాన్ని, దాదాపు మొత్తం ఆపేస్తుంది. ఆ యూవీబీ చర్మం మీద పడితేనే తాబేలు ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది, డి3 ఉంటేనే తిన్న కాల్షియం పేగుల్లోంచి ఒంటికి పడుతుంది. అంటే మీ పిల్లకి ఇప్పటివరకు అందిన యూవీబీ దాదాపు సున్నా. ఎంత మంచి ఆకులు పెట్టినా ఈ ఒక్క లింకు తెగితే ఎముక గట్టిపడదు. అది చాలదని గాజు ట్యాంకు మీద నేరుగా ఎండ పడితే లోపల వేడి నిమిషాల్లో ప్రమాదకరంగా పెరుగుతుంది, ఆ కారణంగా కూడా దాన్ని కిటికీ దగ్గర నుంచి ఇవాళే జరపండి.

మీకు కావలసింది పొడవాటి టీ5 (సన్న ట్యూబ్‌లైట్ రకం) యూవీబీ ట్యూబ్. మెలికలు తిరిగిన చిన్న బల్బులు వద్దు, వాటి కాంతి కొంచెం మేరకే పడుతుంది. ట్యూబ్‌ని తాబేలు వీపుకి 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో, ట్యూబ్ కంపెనీ చెప్పిన దూరం చూసుకుని బిగించండి, రోజుకి 12 గంటలు వెలగాలి. మధ్యలో అద్దం, ప్లాస్టిక్ ఏమీ ఉండకూడదు, సన్న జాలీ ఉన్నా కొంత తగ్గిపోతుంది. ట్యూబ్ కంటికి బాగానే వెలుగుతున్నా అందులోంచి వచ్చే యూవీబీ నెలలు గడిచేకొద్దీ పడిపోతుంది, కాబట్టి సుమారు ఏడాదికోసారి మార్చాలి. నేను ట్యూబ్ మీదే మార్కర్‌తో బిగించిన తేదీ రాసుకుంటాను. యూవీ మీటర్ ఎవరి దగ్గరైనా దొరికితే డిప్ప ఎత్తులో యూవీ ఇండెక్స్ 3 నుంచి 5 మధ్య ఉందేమో చూడండి.

నూనె ఆపేయండి. దేనికీ పనికిరాదు. జిడ్డు మీద దుమ్మూ మట్టీ పేరుకుంటాయి, పలకల సందుల్లో సూక్ష్మజీవులు చేరతాయి, పైకి మాత్రం మెరుస్తూ ఉంటుంది కాబట్టి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. పాలిష్, రంగు లాంటివి కూడా ఎప్పుడూ వేయకండి. మురికి ఉంటే గోరువెచ్చని నీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్, అంతే.

తేమ_గూడు:

పైన చెప్పినవన్నీ కరెక్ట్. గుబ్బల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే నా మొదటి సల్కాటా డిప్ప ఇలాగే అయ్యింది, దాన్ని చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది.

ఎడారి జంతువు, పొడిగా ఉంచాలి అన్న మాట నేనూ నమ్మాను. సల్కాటాలు ఉండేది సహారా ఎడారికి దక్షిణ అంచున, నిజమే. కానీ అవి రోజంతా ఎండలో తిరగవు. నేలలో లోతుగా బొరియలు తవ్వుకుని ఎక్కువ సమయం అక్కడే గడుపుతాయి, ఆ బొరియలో గాలి పైన ఉన్నంత పొడిగా ఉండదు. పైగా గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చే కాలం వానలతో కలుస్తుంది. మనం ఇంట్లో ఏం చేస్తున్నాం? బొరియ లేదు, వాన లేదు, పైన బల్బు 12 గంటలు కాలుస్తూ ఉంటుంది, కింద ఉన్న పేపర్ తేమని పీల్చేస్తుంది.

పిల్లగా ఉన్నప్పుడు పలకల అంచుల్లో కొత్త కెరాటిన్ పుడుతూ ఉంటుంది. అది ఎండిపోయి బిగుసుకుంటే పక్కకి పరుచుకోవాల్సిన పెరుగుదల కిందికీ పైకీ మళ్లి, ఒక్కో పలక గోపురంలా లేస్తుంది. ఇదివరకు దీన్ని మాంసకృత్తులు ఎక్కువ పెట్టడం వల్ల వచ్చేదని అనేవాళ్లు. 2003లో ఆస్ట్రియాలో సల్కాటా పిల్లల మీదే చేసిన అధ్యయనంలో గుబ్బల మీద అసలు ప్రభావం గాలిలో తేమదేనని, తిండిలోని ప్రొటీన్ ప్రభావం చాలా స్వల్పమని తేలింది. అది చదివాక నా రెండో పిల్లని మొదటి రోజు నుంచి తేమలో పెంచాను. ఇప్పుడు దానికి నాలుగేళ్లు, వీపు నున్నగా ఉంది.

మీ ప్రశ్నకి జవాబు, లేచిన గుబ్బలు అణగవు. ఎముకే ఆ ఆకారంలో పెరిగింది కాబట్టి ఏ మందూ దాన్ని చదును చేయదు, అరగదీయమని ఎవరైనా చెప్తే అస్సలు వినొద్దు. కానీ మీది 14 నెలల పిల్ల, ముందు బోలెడంత పెరుగుదల ఉంది. ఇక మీదట వచ్చే పలక చదునుగా వస్తే గుబ్బల మధ్య దూరం పెరిగి అవి తక్కువగా కనిపిస్తాయి.

ముందు ఆ పేపర్ తీసేసి, ఎరువులు కలపని మట్టీ కొబ్బరి పొట్టూ కలిపి కనీసం పది సెంటీమీటర్ల మందాన వేయండి, అడుగు పొరలో నీళ్లు పోసి పైభాగం మాత్రం కాస్త ఆరినట్టు ఉంచండి. ట్యాంక్ పైభాగం మూసేయండి, గాలి ఆడటానికి కొద్ది ఖాళీ చాలు, ఇప్పుడు తెరిచి ఉండటం వల్ల ఉన్న తేమంతా బల్బు వేడికి పైకి ఎగిరిపోతోంది. హ్యుమిడిటీ మీటర్ నేల ఎత్తులో పెడితే 70 నుంచి 80 శాతం చూపించాలి. ఒక మూల చీకటిగా ఉండే గూడు, అందులో తడి నాచు. రోజూ గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు, గడ్డం కింద వరకే లోతు. నీళ్లు తాగుతుంది, మలమూత్రాలు అందులోనే పోతాయి. మూత్రంతో వచ్చే తెల్లటి పదార్థం పేస్టులా ఉంటే మంచిదే, ఇసుకలా గరగరలాడితే ఒంట్లో నీళ్లు తక్కువైనట్టు.

బుడిబుడి_అడుగులు:

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. వెట్ అపాయింట్‌మెంట్ ఎల్లుండికి దొరికింది. నూనె ఆపేశాను, ట్యాంక్ జరిపాను.

ఒక భయం. ఇంత తేమలో ఉంచితే డిప్ప కుళ్లిపోదా? ఆ తెల్ల మచ్చ అదేనేమో అనిపిస్తోంది. బల్బు కింద ఉష్ణోగ్రత చూస్తే 27 చూపిస్తోంది, రాత్రి గదిలో 19కి పడిపోతుంది.

క్లినిక్_డెస్క్:

నేను డాక్టర్‌ని కాదు, జంతువుల క్లినిక్‌లో అసిస్టెంట్‌గా ఆరేళ్లుగా పనిచేస్తున్నాను, తాబేళ్లు చాలానే వస్తాయి. మచ్చ గురించి ఫొటో చూసి కూడా ఎవరూ ఖాయంగా చెప్పలేరు. గీత పడినా, కింద పొర ఎండినా, నీళ్లలోని ఉప్పు మరక పడినా తెల్లగానే ఉంటుంది. మెత్తగా ఉందా, వాసన వస్తోందా, పలక కింద నుంచి ద్రవం ఊరుతోందా, పలక అంచు లేస్తోందా, గుంట పడిందా, రోజురోజుకీ విస్తరిస్తోందా, ఇవి చూడండి. వీటిలో ఒక్కటి ఉన్నా డిప్ప కుళ్లు అనుకోవచ్చు, అది బ్యాక్టీరియా వల్లా రావచ్చు, ఫంగస్ వల్లా రావచ్చు, మందు వేరు కాబట్టి శాంపిల్ తీసి చూడాలి. మీరు గోటితో గీకకండి. మచ్చ కొలత తెలిసేలా పక్కన స్కేల్ పెట్టి రోజూ ఒకే వెలుతురులో ఫొటో తీసి డాక్టర్‌కి చూపించండి, మాకు అది చాలా ఉపయోగపడుతుంది.

ఇంకో మాట. ఎక్స్‌రేలో ఎముక పలచగా ఉందంటే కంగారుపడి డి3 చుక్కలు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. నోటి ద్వారా డి3 ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి మెత్తటి అవయవాల్లో పేరుకుంటుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కాంతి ద్వారా ఒంట్లో తయారయ్యేదానికి ఒంటికే అదుపు ఉంటుంది, చుక్కలకి ఉండదు. మోతాదు డాక్టర్ చెప్పాలి.

తాబేలుని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, వంటింటి సింకులో దాన్ని కడగొద్దు. ఆరోగ్యంగా ఉన్న తాబేళ్లు కూడా సాల్మొనెల్లా మోస్తుంటాయి, ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే మరీ జాగ్రత్త.

మూడు_డిప్పలు:

తేమ వల్ల కుళ్లు అన్న భయం గురించి. కుళ్లు తెచ్చేది చల్లటి తడి, మురికి తడి. వెచ్చగా ఉన్న చోట తేమ హాని చేయదు. మీ అసలు సమస్య ఆ 27, 19 అంకెలు. బల్బు కింద డిప్ప ఎత్తులో 35 దాకా రావాలి, చల్లగా ఉండే మూల 26, 27. పిల్లని ఇంత తేమలో ఉంచినప్పుడు రాత్రి కూడా 26 కిందకి పోనివ్వకండి, లేదంటే ముక్కు కారడం, నోటితో ఊపిరి తీయడం మొదలవుతుంది. రాత్రికి వెలుతురు ఇవ్వని సిరామిక్ హీటర్, దానికి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తప్పనిసరి. ముందు వేడి సరిచేసి, ఆ తర్వాతే తేమ పెంచండి. బల్బు ఒకే చోట కేంద్రీకరించే రకం కాకుండా వెడల్పుగా పరుచుకునే రకం తీసుకోండి, సన్నటి కిరణం వీపు పైభాగాన్నే కాల్చి ఎండబెడుతుంది, గుబ్బలకి అదీ ఒక కారణం.

తిండి మార్చండి. దోసకాయ, లెట్యూస్ అంటే దాదాపు నీళ్లే. సల్కాటా గడ్డి తినే జంతువు, గడ్డీ ఎండుగడ్డీ, డాండెలియన్ లాంటి కలుపు ఆకులు, మందారం ఆకులూ పూలూ, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు, ఇవి ప్రధానం కావాలి. కాల్షియం ఫాస్ఫరస్ కంటే రెండింతలు ఉండే ఆకులు చూసుకోండి. టమాటా, పళ్లు ఆపేయండి. పాలకూరలో ఆక్సలేట్ ఎక్కువ, అది కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి రోజూ వద్దు. ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి వారానికి మూడు నాలుగు సార్లు ఆకుల మీద చిటికెడు, గూటిలో ఒక కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి గట్టి పెంకు, కాల్షియం ఉంటుంది) ముక్క పడేయండి, కావాలంటే అదే కొరుక్కుంటుంది.

నేల మీద వదలడం ప్రస్తుతానికి మానేయండి. నున్నటి నేల మీద కాళ్లు జారి కీళ్ల మీద భారం పడుతుంది, నేల చల్లగా ఉంటుంది, తాబేళ్లు కింద పడ్డ వెంట్రుకలూ దారాలూ మింగేస్తాయి, ఎవరైనా తొక్కితే ఈ మెత్తటి డిప్ప తట్టుకోలేదు.

బుడిబుడి_అడుగులు:

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ఎక్స్‌రేలో ఎముక సాంద్రత తక్కువగా ఉందనే వచ్చింది, విరుగుళ్లు మాత్రం ఏమీ లేవు. డాక్టర్ నోటికి కాల్షియం ద్రవం ఇచ్చారు, మిగతాదంతా వెలుతురు, వేడి, తిండే అన్నారు. తెల్ల మచ్చ కుళ్లు కాదు, పేపర్ మీద రాసుకుని పై పొర గీసుకుపోయిందట.

టీ5 ట్యూబ్ పెట్టాను, మూత వేశాను, తేమ 75 దగ్గర నిలబడుతోంది, వేడి మీరు చెప్పిన అంకెల్లోనే ఉంది. దోసకాయ మానిపించడానికి పది రోజులు పట్టింది, మొదట రెండు రోజులు అసలు తినలేదు, నేను భయపడిపోయాను, తర్వాత మందారం పూలని సన్నగా తరిగి గడ్డిలో కలిపితే మొదలుపెట్టింది. ఇప్పుడు 305 గ్రాములు. అంచులు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు కానీ మునుపటిలా వంగడం లేదు. పలకల మధ్య లేత రంగు గీత ఒకటి కొత్తగా కనిపిస్తోంది, చదునుగానే ఉంది. అది కొత్త పెరుగుదలేనా?

తేమ_గూడు:

అదే అండీ, కొత్త పెరుగుదలే. ఆ గీత మీద బ్రష్ గట్టిగా రుద్దకండి, ఇంకా లేతగా ఉంటుంది. నెలకోసారి అదే కోణంలో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, రెండో ఎక్స్‌రే ఎప్పుడన్నారో కూడా చెప్పండి.