వాగులో పుట్టిన చేపని డీఎన్‌ఏ చూసి 'నువ్వు కాదు' అనొచ్చా?

గాలం_రాజు:
కొలరాడో రాష్ట్ర చేప గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్ ట్రౌట్. దవడ కింద కత్తితో గీసినట్టు ఎర్రచార ఉంటుంది. 1937 నాటికి అంతరించిందనుకున్నారు. తర్వాత కొన్ని కొండవాగుల్లో దొరికిందని సంబరపడి, వాటి సంతతినే దశాబ్దాలపాటు వేరే వాగుల్లో వదిలారు. తీరా 2007లో డీఎన్‌ఏ చూస్తే, తొమ్మిదింట్లో ఐదు చోట్ల ఉన్నవి కొండలకి అవతలివైపు, కొలరాడో నది రకం! సరే, అయితే ఏంటి? ఆ నీళ్లలోనే పుట్టి, పిల్లల్ని పెడుతున్న చేపకి ల్యాబ్ సర్టిఫికెట్ ఎందుకు? నా దృష్టిలో డబ్బు దండగ.

డెన్వర్_వదిన:
రాజు గారూ, కథ సగంలో ఆపేశారు. 1885 నుంచి 1953 దాకా ఈ రాష్ట్రంలో 75 కోట్లకు పైగా చేపపిల్లల్ని వదిలారు. ఏ వాగులో అసలు ఏముండేదో ఇప్పుడున్న చేపని చూసి ఎలా చెప్తారు? అందుకే మ్యూజియంలలో ఆల్కహాల్ సీసాల్లో ఉన్న పాత చేపల్ని తీశారు. 1857–1889 మధ్య పట్టినవి, అంటే ఈ గందరగోళం ముదరకముందువి. డీఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోయినా పోల్చడానికి సరిపోయింది. 2012లో తేలిందేంటంటే, అసలు గ్రీన్‌బ్యాక్ ఒక్క బేర్ క్రీక్‌లోనే మిగిలింది. ఆరు కిలోమీటర్ల వాగు, సుమారు 750 చేపలు. అంతే.

గాలం_రాజు:
ఆ బేర్ క్రీక్ ఎక్కడుందో కూడా చెప్పండి మరి! గ్రీన్‌బ్యాక్ సొంతూరు సౌత్ ప్లాట్ నది. ఈ వాగు ఆర్కాన్సా నదిలోకి పోతుంది. పైక్స్ పీక్ కొండ దగ్గర హోటల్ పెట్టుకున్నాయన 1870ల తర్వాత తెచ్చి పోసినవే ఇవి. అంటే మీ 'స్వచ్ఛమైన' చేపే మనిషి పోసిన చేప!

డెన్వర్_వదిన:
అదే కదా నేననేది. ఎక్కడ ఈదుతోందో చూసి ఏ వంశమో చెప్పలేం. ఆ హోటలాయన పోసిన చేప విలువ డీఎన్‌ఏ చూడబట్టే తెలిసింది. చూడకపోతే 'ఇది పరాయి వాగు చేపే' అని పట్టించుకునేవాళ్లు కాదు.

చెరువుగట్టు:
అమెరికా సంగతి నాకు తెల్వదు గానీ, మా దగ్గర సీడ్ తెచ్చి చెరువుల పోస్తం. ఒక్కోసారి తల చూస్తే బొచ్చె, ఒళ్లు చూస్తే రవ్వ. హ్యాచరీల రెండు జాతుల్నీ ఒకే తొట్టిల గుడ్లకు వదిలితే ఇట్లనే అయితది. తినేటందుకు బాగనే ఉంటది, బేరం కూడా తగ్గది. కానీ మత్తడి దుంకినప్పుడు అవి వాగులకు, అక్కడి నుంచి గోదాట్లకు పోతయ్ కదా. ఇంకో మాట: టెస్ట్ అంటే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక్కటే చూసి ఊకుంటే లాభం లేదు. అది తల్లి వంశమే చెప్తది. తల్లి బొచ్చె అయితే సంకరం పిల్ల కూడా బొచ్చె అనే వస్తది. తండ్రి సంగతి తెల్వాలంటే మైక్రోశాటిలైట్ లాంటి కణకేంద్రకం డీఎన్‌ఏ మార్కర్లు చూడాలె.

కావేరి_గట్టు:
మంచి పాయింట్ అన్నా. మాకు ఇక్కడ కావేరిలో జరిగింది చూడండి. ఇక్కడి మూపురం మహశీర్‌కి రెక్కలు నారింజ రంగు. లోనావాలా హ్యాచరీలో పెంచిన నీలిరెక్కల మహశీర్‌ని 'మేలు చేస్తున్నాం' అనుకుంటూ కావేరిలో వదిలారు. చూస్తుండగానే గాలానికి అవే పడటం మొదలైంది. మూపురం చేపకి శాస్త్రీయ నామం ఖరారు చేసింది 2018లో, అప్పటికే అది అంతరించే అంచున ఉంది. వందేళ్లుగా వేటగాళ్లందరికీ తెలిసిన చేపకి ఈ గతి!

గాలం_రాజు:
సరే, వదిలే ముందు టెస్ట్ చేయడం వరకు ఒప్పుకుంటా. కానీ వదినా, బేర్ క్రీక్ చేపల్ని కాపాడటానికి మళ్లీ హ్యాచరీకే పోయారు కదా?

డెన్వర్_వదిన:
పోయారు. గుడ్లు తీసి, దగ్గరి చుట్టాలు జతకాకుండా డీఎన్‌ఏ చూసి కలిపి, 2014లో జిమ్మర్‌మన్ సరస్సులో, 2016లో హెర్మన్ గల్చ్‌లో వదిలారు. హెర్మన్ గల్చ్‌లో అవి సొంతంగా పిల్లల్ని పెడుతున్నాయని 2022లో ప్రకటించారు. హ్యాచరీ చెడ్డదని నేనెప్పుడన్నాను? ఏ చేపని పోస్తున్నామో తెలియకుండా పోయడమే తప్పు.

గాలం_రాజు:
కొత్తవి వదిలే ముందు వాగులో ఉన్న పాత ట్రౌట్లని మందు పోసి చంపేస్తారు కదా. వాటిల్లో కూడా నాలుగైదు తరాలుగా అక్కడే పుట్టినవి ఉంటాయి. నా ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.