సినిమా నిర్మాత మా నాటక సమాజానికి ఖర్చు పెడతానంటున్నారు, ఎందుకై ఉంటుంది?

రంగదీపం:
మాది పద్నాలుగు మందిమి కలిసి నడుపుకునే చిన్న నాటక సమాజం. ఒక సినిమా నిర్మాత మా నాటకం రెండుసార్లు చూసి, ఏడాది పాటు రిహార్సల్ హాలు అద్దె, లైట్ల ఖర్చు తాను పెట్టుకుంటానన్నారు. బదులుగా ఏమీ అడగలేదు. మా వాళ్లలో సగం మందికి సంతోషం, సగం మందికి అనుమానం. సినిమాలో ప్రతి పైసాకీ లెక్క చూసుకునే ఆయన, సగం కుర్చీలు ఖాళీగా ఉండే నాటకానికి ఎందుకిస్తారు? పేరు కోసమా, పన్ను కోసమా, మా నటుల్ని పట్టుకుపోవడానికా? అలాంటివాళ్లని దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

తెరవెనుక:
తొమ్మిదేళ్లు ప్రొడక్షన్ ఆఫీసులో పనిచేశాను. నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు అనుకుంటారు గానీ ఆ పనిలో సగం మనుషుల్ని వెతకడమే. ఇంకా కాగితం మీదే ఉన్న కథకి నటులు కావాలి, పాటకి గొంతు కావాలి, సెట్ గీసేవాళ్లు, దుస్తులు కుట్టేవాళ్లు కావాలి, వీళ్లలో చాలామందిని సినిమా తయారు చేయదు. షూటింగ్‌లో గంట గంటకీ ఖర్చు పెరుగుతుంటే అక్కడ కూర్చోబెట్టి నేర్పే తీరిక ఎవరికుంటుంది? వాళ్లు నేర్చుకునేది మీలాంటి చోటే, ఒకే సీన్ నలభైసార్లు చేసి, తప్పి, మళ్లీ చేసి. నేను పనిచేసిన నిర్మాత నాటకానికి వెళ్తే ముందు వరస ఇచ్చినా కూర్చునేవారు కాదు, చివరి వరస వెనక్కి వెళ్లి నిలబడేవారు, గొంతు అక్కడిదాకా వస్తోందా లేదా అని. ఆయన చాలా నాటకాలకి డబ్బిచ్చారు, వాటిలో ఒక్క నటుణ్ణి కూడా తన సినిమాలోకి తీసుకోని సంవత్సరాలున్నాయి, అయినా ఇవ్వడం మానలేదు.

అమెరికా నిర్మాత డేవిడ్ గెఫెన్‌నే తీసుకోండి. సంగీత వ్యాపారంలోనూ సినిమాల్లోనూ సంపాదించి, 1994లో స్పీల్‌బర్గ్, కాట్జెన్‌బర్గ్‌లతో కలిసి సినిమా సంస్థ డ్రీమ్‌వర్క్స్ పెట్టారు. 2021లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ డ్రామా స్కూలుకి 15 కోట్ల డాలర్లు ఇస్తే అక్కడ పూర్తికాలం చదివేవాళ్లకి ఫీజు ఎత్తేశారు. ఇది నాకు చాలా పెద్ద విషయం. అప్పుతో బయటికొచ్చిన నటుడు తనకిష్టమైన నాటకం చేయలేడు, ముందు ఏది డబ్బిస్తే అది చేస్తాడు. ఫీజు పోయిందంటే వాడికి కొన్నేళ్ల ధైర్యం ఇచ్చినట్టు.

నాలుగోవరస:
పేరు మీద ఆశ ఉండదని మాత్రం అనొద్దు. అదే గెఫెన్ 2015లో న్యూయార్క్ లింకన్ సెంటర్ సంగీత హాలుకి 10 కోట్ల డాలర్లు ఇచ్చారు, హాలుకి ఆయన పేరు వచ్చింది. అంతకుముందు అది ఏవరీ ఫిషర్ హాల్. పాత పేరు తీసేయడానికి ఒప్పుకున్నందుకు ఫిషర్ కుటుంబానికి లింకన్ సెంటర్ 1.5 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. ఇది నాకు బాధగానే ఉంటుంది. అయితే 1962లో తెరిచినప్పటి నుంచీ అక్కడ శబ్దం బాగోదని సంగీతకారులు అంటూనే ఉన్నారు, లోపలంతా కొత్తగా కట్టి 2022లో తెరిచారు. పేరు ఎవరిదైనా వినేవాళ్లకి మంచి జరిగింది.

పన్ను అనుమానం మాత్రం వదిలేయండి. పన్ను 30 శాతం అనుకుందాం. వంద విరాళమిస్తే పన్నులో ఆయనకి మిగిలేది మహా అయితే 30, జేబులోంచి పోయేది కనీసం 70. డబ్బే కావాలంటే ఇవ్వకుండా ఉండటమే లాభం.

అడుగులసవ్వడి:
నేను నాట్యం చేస్తాను, అందుకే ఈ మాట. నాట్యకారుడు ఉదయ్ శంకర్ తీసిన ఒకే ఒక్క సినిమా ‘కల్పన’ (1948). ఆయన నాట్యం ఎలా ఉండేదో మనం కదలికలో చూడగలిగేది ఎక్కువగా అందులోనే. హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ పాత సినిమాలు కాపాడటానికి 1990లో పెట్టిన ఫిల్మ్ ఫౌండేషన్ వాళ్ల వరల్డ్ సినిమా ప్రాజెక్ట్ దాన్ని బాగుచేయించింది, 2012లో కాన్ సినిమా ఉత్సవంలో మళ్లీ వేశారు. దాని మీద ఎవరికీ పెద్ద లాభం రాదు. కానీ రీలు పాడైతే ఆ చేతులు, ఆ నడక పోయినట్టే కదా, గురువు నోటితో చెబితే అదంతా తిరిగి రాదు. సినిమాలో బతికినవాళ్లకి ఇది మనకంటే బాగా తెలుసు, ప్రింట్లు పాడవడం వాళ్లు కళ్లతో చూస్తారు. మీ నిర్మాతకి మీ నాటకం నచ్చింది అంతే అయి ఉండొచ్చు, రెండోసారి వచ్చారంటేనే సగం జవాబు అక్కడుంది.

తెరవెనుక:
ఒక్కటి చేర్చాలి. మనిషి మంచివాడైనా కాగితం రాసుకోండి. నాటకం ఎంపిక, పాత్రలు ఎవరికివ్వాలన్నది మీ చేతిలోనే ఉంటుందని, నటులు సినిమాకి వెళ్లాలంటే ఇప్పుడు ఆడుతున్న నాటకం అయ్యాకే వెళ్తారని, ఆయన ఆపేయాలనుకుంటే మూడు నెలల ముందు చెప్పాలని. అద్దె ఆయన నేరుగా హాలు వాళ్లకే కడితే మీ మధ్య డబ్బు గొడవ రాదు. నిజంగా ఇష్టంతో ఇచ్చేవాళ్లు దీనికి నొచ్చుకోరు, రోజూ ఒప్పందాలు రాసేవాళ్లే కదా.

రంగదీపం:
అందరికీ చాలా థాంక్స్. ఇదంతా ఆదివారం రిహార్సల్‌లో మా వాళ్లకి చదివి వినిపిస్తాను. ఆయన రెండుసార్లు వచ్చినప్పుడూ చివరి వరసలోనే కూర్చున్నారని మా లైట్లు చూసే అబ్బాయి ఇప్పుడే చెప్పాడు, అప్పుడు మేము పట్టించుకోలేదు. మూడు నెలల షరతు రాసి ఆయన ముందు పెడతాం.