7వ తరగతికి ఆది తాళం ప్రాక్టీస్ పాఠం: రిఫ్లెక్షన్‌లో ఏం రాయాలి?

కొత్త పంతులమ్మ:
40 నిమిషాల పీరియడ్. ఆది తాళం, దాని మీద మొదటి సరళి వరస (స నుంచి పై స దాకా ఎక్కి దిగే తొలి స్వర పాఠం). మూడో ఆవర్తనానికే, అంటే మూడో చుట్టుకే, తాళం పరుగందుకుంది. పాడమంటే వెనక బెంచీల మగపిల్లలు నోరు విప్పలేదు. రిఫ్లెక్షన్‌లో (పాఠం అయ్యాక రాసుకునే సమీక్షలో) "పిల్లలు శ్రద్ధ పెట్టలేదు" అని రాస్తే సరిపోతుందా అండీ?

లయజ్ఞ:
అలా రాయకండి. తొందర ఎక్కడ మొదలైందో రాయండి. ఆది తాళంలో 8 అక్షరాలు, అంటే 8 లెక్కలు. మొదటి భాగమైన లఘువుకు ఒక దెబ్బ, ఆపైన చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. తర్వాత ద్రుతాలనే రెండు చిన్న భాగాలు, ఒక్కోదానికి దెబ్బ, విసర్జితం (చెయ్యి తిప్పడం). దెబ్బకు చప్పుడుంది, వేళ్లకు లేదు. చప్పుడు లేని చోట పిల్లలు వ్యవధి కుదించేస్తారు, అందుకే సాధారణంగా మధ్య వేలు దగ్గరే జారుతుంది. మీరు గట్టిగా తాళం వేస్తుంటే ఆ తప్పు వినపడదు కూడా.

ముందు 1 నుంచి 8 దాకా పైకి లెక్కపెట్టించండి. తర్వాత 1 నుంచి 4 పైకి, 5 నుంచి 8 మనసులో. చివరికి అంతా మనసులోనే. అప్పుడు మీ చెయ్యి ఆపేసి, మళ్లీ వచ్చే 1 మీద దెబ్బలన్నీ కలిసి పడుతున్నాయేమో వినండి. కాలం మరీ నెమ్మదిగా పెట్టొద్దు. నిమిషానికి 50 అక్షరాల కంటే 76 దగ్గర వాళ్లకు నిలకడ తేలిక, ఖాళీ తక్కువ కాబట్టి.

శ్రుతిపెట్టె:
మగపిల్లల సంగతి వేరు. ఆ వయసులో స్వరపేటిక పెరిగి, స్వరతంతువులు పొడవై మందమవుతాయి. గొంతు దిగుతుంది, పగులుతుంది. మారుతున్నన్నాళ్లూ కొందరికి హాయిగా పలికేవి ఐదారు స్వరాలే. సరళి వరస మాత్రం పై షడ్జం (పై స) దాకా ఎక్కమంటుంది. పగిలితే పక్కవాడు నవ్వుతాడని నోరు మూసుకుంటారు.

ఆ పిల్లలకు స నుంచి ప వరకే ఇవ్వండి, లేదా మిగతావాళ్లు పాడుతుంటే షడ్జం పట్టి నిలబెట్టమనండి. అది చిన్న పనేం కాదు, శ్రుతి వాళ్లదే అవుతుంది. కింది స్థాయిలో పాడితే తప్పని దిద్దకండి. ఒక్కొక్కరినీ లేపి పాడించడం అసలొద్దు. ఆడపిల్లల గొంతులూ కొంత మారతాయి, గాలి కలిసినట్టు వినిపిస్తాయి. దాన్ని బద్ధకం అనుకోకూడదు.

కొత్త పంతులమ్మ:
పాఠం ఆడియో ఉందండీ. అందులో ఏం వినాలి?

లయజ్ఞ:
ముందు మీరు మాట్లాడిన నిమిషాలు లెక్కేయండి. 40లో 15 దాటితే పిల్లలకు సాధన తక్కువైనట్టే. తర్వాత "మొదలుపెట్టండి" అన్నది అదే లయలో అన్నారో లేదో వినండి. పాడబోయే కాలంలోనే 5, 6, 7, 8 అని చెబితే అందరూ కలిసి ఎత్తుకుంటారు. వట్టిగా "ఊఁ, కానివ్వండి" అంటే ఒక్కొక్కరు ఒక్కోచోట ఎత్తుకుంటారు.

రిఫ్లెక్షన్‌లో వాక్యం ఇలా ఉండాలి: "మూడో ఆవర్తనంలో వేళ్ల లెక్క దగ్గర తొందర, నా దెబ్బ దాన్ని కప్పేసింది, వచ్చే పాఠంలో రెండో ఆవర్తనం కాగానే నా చెయ్యి ఆపుతాను."