ఆఫీస్ హాలిడే పార్టీకి బంద్‌గలా వేసుకోవచ్చా, సూటే వేసుకోవాలా?

వరంగల్_టు_ప్లేనో
డిసెంబర్‌లో మా ఆఫీస్ హాలిడే పార్టీ ఉంది, డల్లాస్ డౌన్‌టౌన్‌లో ఒక హోటల్లో. ఆహ్వానంలో 'కాక్‌టెయిల్ అటైర్' అని రాశారు. కొత్తగా చేరాను, నాకిదే మొదటి పార్టీ. పెళ్లికి కుట్టించిన నేవీ బ్లూ బంద్‌గలా ఉంది. మెడ దాకా కాలర్ మూసి ఉండే కోటు అది, జరీ పని ఏమీ లేదు, బొత్తాలు మాత్రం మెరుస్తాయి. సూట్ అయితే కొత్తగా కొనాలి. మా ఆవిడ పట్టుచీర అనుకుంటోంది. నేనేం వేసుకోవాలో చెప్పండి.

ఇర్వింగ్_పెద్దన్న
తమ్ముడూ, కాక్‌టెయిల్ అంటే ముదురు రంగు సూట్. నేవీ గానీ చార్‌కోల్ గానీ. తెల్ల చొక్కా, టై, నల్ల లెదర్ షూస్, ప్యాంటు రంగులో సాక్స్. బెల్టు షూస్ రంగులోనే ఉండాలి. బంద్‌గలా మన పెళ్లిళ్లకి, దీపావళికి బాగుంటుంది. అక్కడికి నీ మేనేజర్ మీద మేనేజర్లు వస్తారు. నిన్ను నీ పనితో గుర్తుపెట్టుకోవాలి గానీ బట్టలతో కాదు.

చిన్నా_డెంటన్
బంద్‌గలా కేక. వేసెయ్ బ్రో.

మగ్గం_ఇంటివాడు
2019 డిసెంబర్ 10, స్టాక్‌హోమ్. నోబెల్ వేడుకలో మగవాళ్లకి వైట్ టై, అంటే టెయిల్ కోటు. దాని బదులు ఎవరి దేశపు దుస్తులు వాళ్లు వేసుకోవచ్చు. ఆర్థికశాస్త్రవేత్త అభిజిత్ బెనర్జీ పంచె కట్టి, పైన నల్ల బంద్‌గలా వేసుకుని వెళ్లి బహుమతి అందుకున్నారు. ఆయనతో పాటు బహుమతి అందుకున్న ఆయన భార్య ఎస్తేర్ డుఫ్లో చీర కట్టుకున్నారు. స్వీడన్ రాజుగారి ముందు పనికొచ్చింది డల్లాస్ హోటల్లో పనికిరాదా?

ఇర్వింగ్_పెద్దన్న
నోబెల్ వచ్చినాయన ఏం కట్టుకున్నా చెల్లుతుంది. అక్కడ రూల్ ఉంది కాబట్టి కట్టుకున్నారు. ఈ తమ్ముడి ఆహ్వానంలో అలాంటిది లేదు. కాక్‌టెయిల్ అంటే టై ఉండాలి. బంద్‌గలాకి టై ఎక్కడ కడతారు?

మగ్గం_ఇంటివాడు
కాక్‌టెయిల్‌కి టై తప్పనిసరి అని ఎవరన్నారు? తప్పనిసరి అయ్యేది ఆహ్వానంలో 'బ్లాక్ టై' అని రాసిన పార్టీకి, అది ఇంకా పెద్ద తరహా డ్రెస్ కోడ్. బంద్‌గలాలో భుజాలు, నడుము సూట్ కోటులాగే కత్తిరిస్తారు, కాలర్ ఒక్కటే మెడ దాకా మూసి ఉంటుంది. టై లేని లోటే కనపడదు.

ఇర్వింగ్_పెద్దన్న
మా ఆఫీసులో ప్రతి ఏడాదీ చూస్తున్నాను. టై లేకుండా వచ్చేది ఇంటర్న్‌లు మాత్రమే.

మగ్గం_ఇంటివాడు
మీ ఆఫీస్ వేరు, ఆయన ఆఫీస్ వేరు. టై ఒక్కటే పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారు?

టేపు_కత్తెర
మా నాన్నది సికింద్రాబాద్‌లో టైలర్ షాపు, అందుకని చెప్తున్నా. ఏది వేసుకున్నా ఫిటింగ్ ముఖ్యం. పెళ్లినాటి కోటు ముందు ఒంటికి పట్టాలి కదా? సూట్ కొనేట్టయితే భుజం చూసి కొనండి. చేతుల పొడవు, ప్యాంటు పొడవు తేలిగ్గా ఆల్టర్ చేస్తారు, భుజం సరిచేయడం కష్టం, ఖర్చు కూడా. చొక్కా కఫ్ కోటు చేతి కింద అర అంగుళం కనపడాలి. కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా వేసిన టాకా విప్పేయాలి, చేతి మీద కుట్టిన కంపెనీ లేబుల్ కూడా తీసేయాలి. మనవాళ్లు చాలామంది వాటితోనే పార్టీకి వచ్చేస్తారు. సూట్ కోటుకి కింది బొత్తం పెట్టకండి.

వరంగల్_టు_ప్లేనో
బంద్‌గలా నడుము దగ్గర బిగుతుగా ఉంది. బొత్తం పడుతోంది గానీ కూర్చుంటే లాగుతోంది.

ఇర్వింగ్_పెద్దన్న
ఒకటి చెప్తాను, అప్పుడర్థమవుతుంది. ఈ దేశం వచ్చిన కొత్తలో నేనూ ఇలాంటి పార్టీకే పట్టు కుర్తా వేసుకుని వెళ్లాను. పక్క టీమ్ డైరెక్టర్ ఒకాయన నా చేతిలో ఖాళీ గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు. కేటరింగ్ మనిషిననుకున్నాడు. మా టీమ్ వాళ్లు చూశారు, ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ ఏడాది ప్రమోషన్ లిస్టులో నా పేరు లేదు. అప్పట్నుంచి సూట్ తప్ప ఇంకోటి వేసుకోలేదు.

మగ్గం_ఇంటివాడు
అన్నా, చదివితే బాధేసింది. కానీ సిగ్గుపడాల్సింది ఆయన. శిక్ష మీ కుర్తాకి పడింది. మీలాంటివాళ్లు బీరువాలో పెట్టేస్తేనే కదా పోచంపల్లిలో మా నాన్న మగ్గం మూలపడింది. ఇక్కత్ నేసిన చేతులతో ఆయన ఇప్పుడు అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్ పని చేస్తున్నాడు.

ఇర్వింగ్_పెద్దన్న
మీ నాన్నగారి మగ్గానికి నేనా కారణం? అసలు ఆ బంద్‌గలా మగ్గం మీద నేసిందా? మిల్లు గుడ్డ! మీ ఆవేశానికి ఈ కుర్రాడు ఎందుకు బలి కావాలి? హెచ్‌1బీ వర్క్ వీసా మీద ఉద్యోగం పోతే 60 రోజులు గడువు, ఆలోపు ఇంకోటి దొరక్కపోతే సామాను సర్దుకోవాలి. లేఆఫ్ లిస్టు రాసేవాడికి మన ముఖం వేరేగా గుర్తుండకపోవడమే మేలు. ఇన్నేళ్లుగా నా ఇల్లు గడిచింది ఆ జాగ్రత్తతోనే.

చిన్నా_డెంటన్
ఇంత టెన్షన్ ఎందుకు అన్నా, తాగి తినే పార్టీకి.

ఎడిసన్_అమ్మాయి
పెద్దన్నగారూ, మొదటి పోస్టులోనే ఆయన భార్య పట్టుచీర అనుకుంటోందని ఉంది. దాని మీద మీరు ఒక్క మాట అనలేదు. మెడ మూసిన నీలం కోటు గుర్తుండిపోతుంది గానీ ఎర్రంచు కంచిపట్టు గుర్తుండదా? మా ఇంట్లోనూ ఇంతే. మా ఆయన సూట్ వేసుకుంటారు, నన్ను పట్టుచీర కట్టుకుని పూలు పెట్టుకోమంటారు. న్యూజెర్సీ డిసెంబర్ చలిలో పార్కింగ్ నుంచి హాలు దాకా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచేది నేను. వాళ్లలో కలిసిపోయే సుఖం ఆయనకి, మన సంస్కృతి మోసే పని నాకు.

ఇర్వింగ్_పెద్దన్న
చీర సంగతి వేరమ్మా. ఆడవాళ్లు గెస్టులుగా వస్తారు, చూసినవాళ్లు బాగుందంటారు. ఉద్యోగం భర్తది కదా, భయం ఆయనకి.

ఎడిసన్_అమ్మాయి
హెచ్‌1బీ నాది. మా ఆయన హెచ్‌4, అంటే నా వీసా మీద ఆధారపడి వచ్చిన డిపెండెంట్. పార్టీ మా ఆఫీస్‌ది, గెస్టు ఆయన. మీరు చెప్పిన 60 రోజుల భయం నాకూ ఉంది, అయినా చీర కట్టుకోమని నాకే చెప్తారు.
మగ్గం ఇంటివాడుగారూ, మీరు మీ పార్టీకి ఏం వేసుకున్నారు?

మగ్గం_ఇంటివాడు
ఇక్కత్ చొక్కా, పైన బ్లేజర్. పంచె కట్టడానికి ధైర్యం చాల్లేదు. మా ఆవిడ గద్వాల్ చీర కట్టుకుంది.

ఎడిసన్_అమ్మాయి
ఆవిడకి ధైర్యం అక్కర్లేదనుకున్నారా? నాకు చీరంటే ఇష్టమే, ఇష్టమైనప్పుడు కట్టుకుంటాను. మీ మగవాళ్లు కోటు గురించి ఇంతసేపు వాదించుకున్నారు. ఇంట్లో మమ్మల్ని ఒక్కసారి అడగలేదు. నాకు కోపం అందుకే.

ఇర్వింగ్_పెద్దన్న
మా ఇంట్లో ఎవరూ ఇలా అనలేదు.

ఎడిసన్_అమ్మాయి
ఈరోజు అడగండి.

వరంగల్_టు_ప్లేనో
మా ఆవిడ అంతా చదివింది. 'నాదింకా తేల్చుకోలేదు, నువ్వు నీది చూసుకో' అంది. హెచ్ఆర్‌కి మెయిల్ పెడితే ఎవరి సంప్రదాయ దుస్తులైనా సరేనన్నారు. బంద్‌గలా నడుము వదులు చేయిస్తాను.

టేపు_కత్తెర
ముందు లోపలి కుట్టు తిప్పి చూడు, గుడ్డ ఎంత వదిలారో. ఉన్నంతవరకే వదులవుతుంది. పాత కుట్టు గీత బయటికి కనపడుతుంది, ఆవిరి పట్టి ఇస్త్రీ చేయమను.

ఇర్వింగ్_పెద్దన్న
నా మాట మార్చుకోను, సూటే మంచిది. గుడ్డ చాలకపోతే నా దగ్గర చార్‌కోల్ సూట్ ఉంది, సైజు 40. మెసేజ్ పెట్టి వచ్చి తీసుకెళ్లు తమ్ముడూ, టై కూడా ఇస్తాను.